పక్క బండి ఇంజను

లారీ తోలేవాళ్లలో అతనికి 'కోడినిద్ర' అని పేరు పెట్టింది ఎవరో గానీ, ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పక్క బండిలో ఎవరైనా దగ్గినా అతనికి మెలకువ వచ్చేసేది. నిద్ర చాలని మర్నాడు ఒక రోడ్డు రెండు రోడ్లుగా కనపడేది. ముందుపోయే బండి ఎర్రదీపాలు కళ్లలో సూదుల్లా గుచ్చుకునేవి. ఒకసారి అలాగే రెప్ప వాలి, బండి రోడ్డు దిగి కంకరలోకి పోయింది. ఆ కుదుపుకి మెలకువ వచ్చి బతికి బయటపడ్డాడు. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ, రాత్రిపూట ఇంజను ఆపకుండా పడుకునేవాడు పక్కన చేరితే అతనికి ఒళ్లు మండిపోయేది.

మండితే ఊరుకునే రకం కాదు. అంతకుముందు ఇంకో యార్డులో, ఎంత మొత్తుకున్నా ఇంజను ఆపని ఒక డ్రైవరు కిటికీ మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. కిటికీ అద్దం దించి ఉందన్న సంగతి కుమ్మరించాక గానీ తెలియలేదు. ఆ డ్రైవరు తడిసి ముద్దయిన దుప్పటికి ఫొటో తీసి కంపెనీకి పంపించాడు. సూపర్‌వైజరు పిలిచి, "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, నీకు బండి తాళాలు ఇచ్చేది లేదు" అని మొహమ్మీదే చెప్పాడు.

అందుకే ఈసారి బయల్దేరే ముందు భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"ఎవరు ఇంజను ఆపినా ఆపకపోయినా నీకెందుకు? చెవుల్లో దూది పెట్టుకుని పడుకో. ఎవరితోనూ గొడవ పడనని చెప్పు."

"పడన్లేవే."

"అలా కాదు. నా మీద ఒట్టెయ్యి."

వేశాడు. వేసేటప్పుడు నిజంగానే అనుకున్నాడు, ఈసారి నోరు మూసుకునే పోయిరావాలని.

అప్పుడు అతని లారీలో ఉన్నది పరుపుల లోడు. తాడు బిగించేటప్పుడు తోటి డ్రైవర్లు పగలబడి నవ్వారు. "లారీ నిండా పరుపులు, తోలేవాడికేమో నిద్ర లేదు!" అని ఒకడు. "ఒక్కటి కిందకి లాగి దాని మీద పడుకో, ఎవడడుగుతాడు?" అని ఇంకొకడు. అతనూ నవ్వేశాడు.

దారంతా వాన. చలి కూడా పట్టుకుంది. పెద్ద బళ్లను పొద్దున గానీ ఊళ్లోకి రానివ్వరు కనుక, ఊరి బయట యార్డు చీకటి పడకముందే నిండిపోయింది. వాన నీళ్లు నిలిచిన గుంటల్లో దీపాలు వణుకుతున్నాయి. బళ్లకూ బళ్లకూ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మాత్రమే ఉంది.

ఆ యార్డుని నడిపేది ఒకావిడ. గేటు దగ్గర గదిలో కూర్చుంటుంది కాబట్టి అందరూ గేటక్క అంటారు. అరిచిందంటే యార్డు ఆ చివరనున్న బండి కూడా ఆగుతుంది.

"నీకు కలిసొచ్చింది తమ్ముడూ, వెనకాల గోడ పక్కన ఒక్కటే ఖాళీ ఉంది" అంది టార్చి ఊపుతూ. "అక్కడ చప్పుడు తక్కువ. పో, హాయిగా పడుకో."

నిజంగానే ప్రాణం లేచొచ్చింది. బండి పెట్టాడు. డబ్బాలో తెచ్చుకున్నది తిన్నాడు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. దుప్పటి ముసుగు తన్నినా, పక్కనున్న బండి ఇంజను గుర్రుమంటూనే ఉంది.

ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు. తన క్యాబిన్ అద్దం ఆ అదురుకి గడగడలాడుతోంది. పైగా పొగ. కిటికీ కాస్త తెరిచి ఉంటే చాలు, ఆ ఘాటంతా లోపలికి.

గొడవ పడకూడదన్నారు గానీ మాట్లాడకూడదని ఎవరూ అనలేదు కదా అనుకుని దిగాడు.

పక్కది టైల్స్ లోడు బండి. డ్రైవరు పెద్దవాడే, ఇతని కంటే నాలుగైదేళ్లు పైన ఉంటాడు. చెంపల దాకా మెలితిరిగిన మీసాలు. ఆ మీసాల వల్లే కాబోలు యార్డులో అందరూ ఆయన్ని 'మీసాలన్న' అంటారు. కిటికీలోంచి తల బయట పెట్టాడు. మొహం చిట్లించుకుని ఉంది.

"ఏంటి?"

"అన్నా, కొంచెం ఇంజను ఆపుతారా?"

"ఎందుకు?"

"పడుకోవాలి."

"పడుకో. నేనేమన్నా నీ కాళ్లు పట్టుకుని లాగుతున్నానా?"

"చప్పుడుకి నిద్రెలా పడుతుందన్నా? తెల్లారి బండి తోలాలి కదా."

"నేను మాత్రం తెల్లారి తోలనా? నా బండి, నా ఇంజను, నా ఇష్టం. నీకు చప్పుడు పడకపోతే గుళ్లోనో బళ్లోనో పడుకో."

ఇతని గొంతు లేచింది. ఆయన గొంతు అంతకంటే లేచింది. చుట్టుపక్కల బళ్లలోంచి తలలు బయటికొచ్చాయి. ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకుని మరీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు, ఏదో ఆట చూడటానికి వచ్చినట్టు.

"సరే, ఇంజను ఆపరు. ఆ పొగైనా నా వైపు రాకుండా తిప్పి పెట్టుకోండి. మీ పొగ మింగడానికి వచ్చానా నేను?"

"పొగే కదా నీ ఏడుపు!" అని మీసాలన్న విసురుగా స్టీరింగ్ తిప్పాడు. సందు లేని చోట ముందుకీ వెనక్కీ జరిపి, తిట్టుకుంటూ, బండిని గోడ మూలకి వెనక్కి తోసి పెట్టాడు. "ఇప్పుడు చల్లబడిందా?" అని అద్దం పైకి లేపేసుకున్నాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

గేటక్క పరిగెత్తుకొచ్చింది. "ఏంటయ్యా మీ ఇద్దరికీ! పొద్దున్నుంచీ వానలో తడుస్తున్నా, మీ పంచాయితీ కూడా నేనే తీర్చాలా?" అని ఇద్దర్నీ కలిపి కడిగేసింది. ఇతను తల దించుకుని తన బండెక్కాడు. సూపర్‌వైజరు మాట గుర్తొచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. ముసుగు తన్ని, "నాకు వినపడట్లేదు, నాకేం వినపడట్లేదు" అని తనలో తను చెప్పుకుంటూ పడుకున్నాడు.

వాన కాస్త నెమ్మదించింది. ఇంకా చాలామంది పడుకోనేలేదు. చాయ్ కొట్టు దగ్గర మాటలు వినపడుతున్నాయి. అప్పుడు మోగింది ఫోను.

మీసాలన్న ఫోనే. చెవులు చిల్లులు పడే మోత. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తడే! అటు ఇంజను, ఇటు ఫోను. ఇతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. కావాలనే చేస్తున్నాడు, నాకు నిద్ర లేకుండా చెయ్యాలనే ఎత్తడం లేదు అనుకున్నాడు. మూడోసారి మోగేసరికి చెవుల్లో దూది పీకి పారేసి దిగాడు. ఒట్టు తప్పినందుకు ఏ శిక్ష పడుతుందో పడనీ. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

"ఓ మీసాలాయనా! ఫోనెత్తవయ్యా!" అని తలుపు దబదబా బాదాడు. పలకలేదు. "చెవుడా? ఇంజనూ ఆపవు, ఫోనూ ఎత్తవు. దిగు కిందకి, దిగి మాట్లాడు!"

పలకలేదు. తిడితే తిరిగి తిట్టే మనిషి పలకడం లేదు. అక్కడ ఇతనికి ఏదో తేడాగా అనిపించింది. మెట్టు మీదికెక్కి అద్దానికి మొహం ఆనించాడు. ఫోను మళ్లీ మోగింది. ఆ వెలుగులో కనపడ్డాడు మీసాలన్న. సీటు మీంచి సగం జారి, మెడ ఒక పక్కకి వేలాడేసి ఉన్నాడు. ఫోను చేతిలోనే ఉంది. గడ్డం మీదా, చొక్కా మీదా వాంతి. కళ్లు పూర్తిగా మూసుకోలేదు.

ఇతని కోపం ఎటు పోయిందో పోయింది.

తలుపు లాగాడు. లోపల గడియ వేసుంది. అటు తలుపూ అంతే. తన బండి దగ్గరికి పరిగెత్తి జాకీ రాడ్ తెచ్చి, అవతలి పక్క అద్దం మీద ఒక్కటిచ్చాడు. రెండో దెబ్బకి అద్దం పొడిపొడి అయింది. చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశాడు. తలుపు తెరవగానే గుప్పున కొట్టింది లోపలి గాలి. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఊపిరి బిగబట్టి ముందు ఇంజను ఆపాడు. తర్వాత మీసాలన్న చంకల కింద చేతులు పెట్టి లాగాడు. మనిషి బరువు. కదలడు. మోకాలు గేరుకి కొట్టుకుని కళ్లు బైర్లు కమ్మాయి. ఎలా లాగాడో, ఏమో, ఇద్దరూ కలిసి తలుపులోంచి కింద బురదలో పడ్డారు.

అద్దం పగిలిన చప్పుడుకి జనం వచ్చారు. వచ్చినవాళ్లకి కనపడింది వేరు. సాయంత్రం గొంతులు చించుకున్న ఇద్దరు. ఒకడు తెలివితప్పి నేల మీద. రెండోవాడు పక్కనే, చేతి నిండా నెత్తురు. మెట్టు మీద జాకీ రాడ్.

"కొట్టేశాడ్రా! మీసాలన్నని కొట్టేశాడు!" అని ఎవడో అరిచాడు. చాయ్ గ్లాసు పట్టుకుని చూసినాయన వెనక నుంచి వచ్చి ఇతని చేతులు విరిచిపట్టుకున్నాడు.

"వదలండి! నేను కొట్టలేదు! ఆయనకి గాలి కావాలి, గాలి! లోపలంతా పొగ!"

ఎవరు వింటారు? ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. అప్పుడు గేటక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది. మాటలేం అడగలేదు. తెరిచిన క్యాబిన్‌లోకి తల పెట్టింది, వెంటనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చేసింది.

"వదలండ్రా అతన్ని!" అని అరిచింది. "పొగ చుట్టేసింది లోపల. మనిషిని బయటికి లాగాడు, తెలివితక్కువ దద్దమ్మల్లారా! జరగండి, గాలి తగలనివ్వండి!"

చేతులు వదిలారు. ఎవరో దుప్పటి తెచ్చారు. గేటక్క అంబులెన్సుకి ఫోను చేసింది. ఇతను మీసాలన్నని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోట్లోది వేలితో తుడిచి, చొక్కా గుండీలు తెంపేశాడు. ఛాతీ మీద చెవి పెట్టాడు. ఊపిరి ఉంది. చాలా సన్నగా, ఆగి ఆగి వస్తోంది గానీ ఉంది. "ఉంది అక్కా, ఉంది" అన్నాడు.

బురదలో పడిన ఫోను మళ్లీ మోగింది. తీశాడు.

"నాన్నా! ఎన్నిసార్లు చెయ్యాలి నీకు? నా ప్రాణాలు పోయాయి తెలుసా!" అంది ఒక అమ్మాయి గొంతు.

"అమ్మా, నేను... పక్క బండి డ్రైవర్ని" అన్నాడు. "మీ నాన్నకి ఒంట్లో బాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. ఊపిరుంది, నువ్వు కంగారు పడకు. నేను పక్కనే ఉంటాను. నువ్వొచ్చేదాకా ఎక్కడికీ పోను."

ఆ మాట ప్రకారం అంబులెన్సు ఎక్కాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇతని చేతికి కుట్లు వేశారు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. అలా కూర్చున్నాక పట్టుకుంది అసలు భయం. గోడ మూలకి తిప్పి పెట్టించింది తనే. పొగ తన వైపు రాకూడదని అరిచింది తనే. అక్కడ గాలి ఆడక, ఆ పొగంతా తిరిగి ఆయన బండిలోకే పోయి ఉంటుంది. ఆయనకి ఏమన్నా అయితే ఆ పిల్ల మొహం ఎలా చూడాలి? తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాడు. తలుపు మూసుకున్నప్పుడల్లా కూలబడ్డాడు.

తెల్లవారే వేళకి కూతురు వచ్చింది. జుట్టు రేగిపోయి, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో. ఆమె అడిగేలోపే డాక్టరు బయటికొచ్చింది. "ప్రమాదం గడిచింది. కాసేపు ఆగి ఉంటే మాత్రం చెప్పలేకపోయేవాళ్లం. ఎవరు తెచ్చారు?" అని అడిగింది. కూతురు ఇతని చేతికున్న కట్టు చూసింది. బురద గట్టిపడిన ప్యాంటు చూసింది. "బాబాయ్" అంది. ఇతని భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. ఇతను ఆమె వీపు నిమురుతూ తనూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఒక్క క్షణంలో ఒంట్లోని బరువంతా దిగిపోయినట్టయింది. అంతలోనే గోడ సంగతి గుర్తొచ్చి సగం బరువు మళ్లీ ఎక్కింది.

లోపలికి రానిచ్చారు. మీసాలన్న ముక్కుకి గొట్టం, మీసాలు చెదిరిపోయి రెండు పక్కలా వేలాడుతున్నాయి. కూతురి వైపు చూసి చెయ్యి ఎత్తబోయాడు. తర్వాత ఇతన్ని చూశాడు. గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది.

"ఇంజను ఆపేశావా?" అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"ఆపేశానన్నా."

"నీ అమ్మ కడుపు మాడా! ఇక స్టార్టవదు అది. బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది."

ఇతను నోరు తెరుచుకుని చూశాడు. "అందుకా ఆపనన్నది?"

"మరి? పదిమందిలో నా బండికి బ్యాటరీ లేదని చెప్పుకోనా? తెల్లారి అందరి చేతా తోయించుకోనా?"

కూతురు ఏడుస్తూనే నవ్వింది. ఇతనికి కూడా నవ్వాగలేదు. నవ్వు ఆగాక, దాచుకోలేక చెప్పేశాడు. "అన్నా, తప్పు నాది. గోడకేసి తిప్పి పెట్టమన్నాను. అందుకే ఇంత పనైంది."

మీసాలన్న తల అడ్డంగా ఊపాడు. "ఊరుకో. ఈ మధ్య ఎక్కడ పడుకున్నా పొద్దున లేస్తే తల పగిలిపోతోంది. కడుపులో తిప్పేస్తోంది. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా. ఆ తలపోటుతోనే నీ మీద అరిచాను. నీ గోడా లేదు, నీ మొహమూ లేదు."

మాట బాగానే ఉంది గానీ, ఇతనికి పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. తన మనసు కుదుటపడటానికి అంటున్నాడేమో అనుకున్నాడు.

బయటికొచ్చి భార్యకి ఫోను చేశాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "నీ మీద వేసిన ఒట్టు తప్పానే" అన్నాడు చివరికి.

"ఒట్టు తీసి గట్టున పెట్టాన్లే. నీ చెయ్యెలా ఉంది? లోతుగా తెగిందా? ఏమన్నా తిన్నావా?" అంది. ఆ ప్రశ్న విన్నాకే తెలిసింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని. ఆస్పత్రి ఎదుట కొట్లో రొట్టె, చాయ్ తీసుకుని నిలబడే తిన్నాడు. అంత రుచిగా ఏదీ తిన్నట్టు గుర్తులేదు.

యార్డుకి తిరిగొచ్చేసరికి వాన వెలిసింది. మీసాలన్న బండి కింద మెకానిక్కు పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం బయటికి. గేటక్క పిలిపించిందట. తనూ వంగి చూశాడు.

"పొగ గొట్టం గోడకి దగ్గరై ఇలా అయిందా?" అని అడిగాడు.

"గోడేంటి?" అన్నాడు మెకానిక్కు కింద నుంచే. ఒక తుప్పుపట్టిన గొట్టం ముక్క బయటికి తోశాడు. పొడుగునా చీలిపోయి ఉంది, చీలిక అంచులు మసిబారి నల్లగా, ఎప్పటివో అన్నట్టున్నాయి. "సరిగ్గా సీటు కింద పగిలింది. పైన క్యాబిన్ నేలకి చిల్లు. ఎటు తిప్పి పెట్టినా, నడిమైదానంలో పెట్టినా పొగ లోపలికే పోతుంది. ఇన్నాళ్లు బతికాడంటే ఆయన ఆయుష్షు గట్టిది."

ఇతను ఆ గొట్టం ముక్క పట్టుకుని అలాగే చతికిలబడ్డాడు. రాత్రంతా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్లిపోయింది. గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తడిసిన మట్టి వాసన వచ్చింది.

గేటక్క పక్కనే నిలబడి చూస్తోంది. "మీ సూపర్‌వైజరు ఫోను చేశాడు, లోడు ఎందుకు ఆలస్యమైందని. నేనే మాట్లాడాన్లే. నీ బదులు నేనే అతన్ని నాలుగు దులిపి, నిన్ను నాలుగు పొగిడాను. మెల్లగా రమ్మన్నాడు" అంది. "ఇంకో మాట. ఈ రోజు నుంచి ఇంజను నడుపుకునేవాళ్లంతా రోడ్డు వైపు, గాలి ఆడే చోట. పడుకునేవాళ్లంతా ఈ వెనక. బ్యాటరీ లేనివాడు నా దగ్గరికొచ్చి చెవిలో చెప్తే చాలు, పొద్దున ఇంకో బండి బ్యాటరీ నుంచి తీగ తగిలించి స్టార్టు చేయిస్తా. నవ్వినవాడికి యార్డులో చోటు లేదు."

చాయ్ గ్లాసాయన వచ్చి ఇతని ముందు నిలబడ్డాడు. రాత్రి చేతులు విరిచింది తనే కదా, మొహం చెల్లడం లేదు. "తమ్ముడూ, నేను..." అని నసిగాడు.

"పోన్లే అన్నా, చేతులు భలే గట్టిగా పట్టుకున్నారు. ఆ పట్టు స్టీరింగ్ మీద ఉంచండి చాలు" అన్నాడు ఇతను. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

మధ్యాహ్నానికి కొత్త గొట్టం, కొత్త బ్యాటరీ వేశారు. నాన్న బట్టలు తీసుకెళ్లడానికి కూతురు వచ్చింది. ఆమె కళ్లెదుటే ఇతను మీసాలన్న బండెక్కి తాళం తిప్పాడు. తొలి తిప్పుకే అందుకుంది. గోడ మూల నుంచి బయటికి తీసి, ఎండ పడుతున్న చోట నిలిపి, కింద పగిలిన అద్దం పెంకులు ఊడ్చి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"నాన్నకి ఇప్పుడే నిద్ర పట్టింది బాబాయ్" అందామె. "రేపు పంపించేస్తామన్నారు. మిమ్మల్ని ఇంటికి రమ్మన్నాడు. అమ్మ కూడా ఫోన్లో అదే పోరు పెడుతోంది, పిన్నినీ తీసుకురావాలట."

"వస్తాం తల్లీ. ముందు ఈ పరుపులు దించేసి రానీ."

తన బండెక్కాడు. గేటక్క గేటు బార్లా తెరిచి, చెయ్యి ఊపుతూ దారిచ్చింది. రోడ్డు కడిగినట్టు మెరుస్తోంది. కిటికీ అద్దం పూర్తిగా దించి, కట్టున్న చేతిని అంచు మీద ఆనించి, గాలి మొహానికి కొడుతుంటే నెమ్మదిగా ఊరి వైపు తోలుకుపోయాడు.